క్లారెండన్‌ను ఎలా వాడాలి: బొద్దు అక్షరానికి తగిన చోటు, కొలత, తోడు

ఊరి గ్రంథాలయానికి రెండు భాషల్లో బోర్డు రాయించాలి. బడి వార్షిక సంచికకు ముఖచిత్రం కావాలి. వ్యవసాయ పదాలకు ఇంగ్లీషు–తెలుగు పదకోశం అచ్చు వేయాలి. ఇలాంటి పని పడ్డప్పుడు డీటీపీ చేసేవారి చేయి తెలుగు ఫాంటు కోసం కాసేపు వెతుకుతుంది, ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏది ఎదురుగా ఉంటే దాన్నే తీసుకుని బోల్డ్ బటన్ నొక్కేస్తుంది. పేజీ అందం సగం అక్కడే చెడుతుంది. ఆ చోట క్లారెండన్ అనే పాత బొద్దు సెరిఫ్ (గీతల చివర చిన్న పాదాలుండే) అక్షరాన్ని పెట్టి చూడమని నా సలహా. మన గుండ్రటి తెలుగు అక్షరం పక్కన నిలబడగలిగిన ఇంగ్లీషు అక్షరాల్లో దీనికి సాటివి తక్కువ. అయితే దీన్ని ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో తెలిసి వాడాలి.

ముందు ఈ అక్షరం ఏ పనికి పుట్టిందో తెలుసుకోండి

పంతొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇంగ్లీషు పుస్తకంలో ఒక పదాన్ని ఎత్తి చూపాలంటే అచ్చుపనివారికి ఉన్న దారులు కొన్నే. వాలుగా ఉండే ఇటాలిక్, చిన్న సైజులో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు, లేకపోతే కోణాలు తిరిగిన పాతకాలపు బ్లాక్‌లెటర్. అదే కాలంలో గోడ ప్రకటనల కోసం లావాటి అక్షరాలు వచ్చాయి. విన్సెంట్ ఫిగిన్స్ వంటి వారు 1810ల నాటికే దిమ్మెల్లాంటి పాదాలున్న అక్షరాలను పోత పోశారు. అవి వీధిలో బాగానే కనిపించేవి. పుస్తకంలో మామూలు అక్షరం పక్కన వాటిని పెడితే మాత్రం ఎత్తు కుదరదు, వరుస కుదరదు, చదివే కన్ను అక్కడ తడబడుతుంది.

ఆ ఇబ్బందిని తీర్చినది లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ, అంటే అచ్చు అక్షరాలు పోత పోసే సంస్థ. దాని భాగస్వామి రాబర్ట్ బెస్లీ 1845లో క్లారెండన్‌ను విడుదల చేశాడు. ఆ పంచ్‌లు, అంటే అక్షరాల పోతకు మూలమైన ఉక్కు అచ్చులు, చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. మామూలు పాఠం మధ్యలో అదే వరుస మీద, అదే ఎత్తులో ఒదిగి, నలుపు మాత్రం ఎక్కువగా ఉండే అక్షరం కావాలన్నది వారి ఆలోచన. చోటు ఎక్కువ తినకుండా తొలి క్లారెండన్‌ను కాస్త ఇరుకుగానే గీశారు. ఈనాడు మనం చూసే వెడల్పాటి క్లారెండన్లు తరువాతి కాలపువి.

బెస్లీ దీన్ని ఇంగ్లండ్‌లోని ఆర్నమెంటల్ డిజైన్స్ చట్టం కింద నమోదు చేయించాడు. ఆ రక్షణ మూడేళ్ళే. గడువు తీరిన వెంటనే మిగతా ఫౌండ్రీలు తమ తమ క్లారెండన్లను బజారులో పెట్టాయి. అతనికి అది నష్టం, అక్షరానికి మాత్రం అదే ప్రచారం. నిఘంటువుల్లో ముఖ్యపదం పాఠం కన్నా నల్లగా ఉండాలన్న అలవాటు అలా స్థిరపడింది. మనం నిఘంటువు తెరిచి వేలితో వరుస వెంట దిగుతూ పదాన్ని పట్టుకుంటాం చూడండి, ఆ సౌకర్యం వెనక ఉన్నది ఈ అక్షరమే. బెస్లీ ఆ తరువాత 1869లో లండన్ లార్డ్ మేయర్ కూడా అయ్యాడు.

ఈ కథలో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. చుట్టూ తేలికైన అక్షరాలు ఉన్నప్పుడు ఒక పదాన్ని పట్టి చూపడం క్లారెండన్ అసలు పని. పేజీ అంతా అదే నింపితే చూపడానికి ఏమీ మిగలదు. ఇకముందు చెప్పే అడుగులన్నిటికీ మూలం ఇదే.

గుర్తుపట్టడం నేర్చుకోండి

సెరిఫ్ అంటే అక్షరపు గీత చివర ఉండే చిన్న పాదం. క్లారెండన్ పాదం మందంగా, చదరంగా ఉంటుంది, కానీ నిలువు గీతకు అతుక్కునే చోట మెత్తటి వంపు తిరుగుతుంది. ఆ వంపే దీని గుణం. రాక్‌వెల్ అనే అక్షరాన్ని పక్కన పెట్టి చూడండి. దానిలో పాదమూ గీతా లంబకోణంలో కలుస్తాయి, వంపు ఉండదు, అందుకే యంత్రం గీసినట్టుంటుంది. టైమ్స్ బోల్డ్ పక్కన పెడితే ఇంకో తేడా తెలుస్తుంది. టైమ్స్‌లో లావు గీతలు బాగా లావు, సన్న గీతలు బాగా సన్నం. క్లారెండన్‌లో ఆ తేడా తక్కువ.

ఇప్పుడు ఒక్కో అక్షరాన్ని పెద్దది చేసి చూడండి. పెద్దబడి ఆర్ కుడికాలు నేల దాకా దిగి, చివర కొద్దిగా పైకి తిరుగుతుంది. చిన్నబడి ఎ తోక కూడా అలాగే లేస్తుంది. చిన్నబడి సి, ఎఫ్, ఆర్ చివరల్లో గుండ్రటి బొట్టు ఉంటుంది. చిన్నబడి జి రెండంతస్తులది, దాని చెవి కొసన కూడా ఒక బొట్టు. చిన్నబడి అక్షరాల నడుము ఎత్తు ఎక్కువ కనుక లోపలి ఖాళీలు విశాలంగా ఉంటాయి. బొద్దుగా ఉండి కూడా చదవడానికి హాయిగా ఉండటానికి కారణం ఈ ఖాళీలే.

బయట కూడా ఇది మీకు ఎదురుపడే ఉంటుంది. అమెరికా జాతీయ పార్కుల పలకల మీద చాలాకాలం క్లారెండనే ఉండేది, తరువాత రాలిన్‌సన్ అనే అక్షరాన్ని తెచ్చుకున్నారు. సోనీ పేరు రాసే అక్షరాలు ఈ వంశానికి దగ్గరివే. ఇక పాత అమెరికా పశ్చిమ ప్రాంతపు పోస్టర్లలో పైనా కిందా పాదాలు మరీ లావుగా, నిలువు గీతలు సన్నగా ఉండే అక్షరం ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఫ్రెంచ్ క్లారెండన్ అంటారు. పేరు ఒకటే అయినా అది కేవలం ప్రదర్శనకు పనికొచ్చే అక్షరం. వెతికేటప్పుడు పేరు చూసి దాన్ని దించుకోకండి, పెళ్ళిపత్రిక మీద పెడితే గుర్రపు దొంగను పట్టిస్తే బహుమానం ప్రకటించినట్టుంటుంది.

ఫాంటు తెచ్చుకోండి

ఇరవయ్యో శతాబ్దంలో క్లారెండన్‌ను తిరిగి గీసినవారు చాలామంది. వాటిలో స్విట్జర్లాండ్ హాస్ ఫౌండ్రీకి హెర్మన్ ఐడెన్‌బెంజ్ 1953లో గీసినది, అమెరికాలో ఫ్రీమన్ క్రా 1950లలో గీసిన క్రా క్లారెండన్ పేరు పొందినవి. వీటి డిజిటల్ రూపాలను డబ్బు కట్టి కొనుక్కోవాలి.

డబ్బు పెట్టలేని వారికి బెస్లీ అనే ఉచిత ఫాంటు ఉంది. 1845 నాటి క్లారెండన్ స్ఫూర్తితో ఓవెన్ ఎర్ల్ దాన్ని గీశారు, ఆ పాత భాగస్వామి పేరే పెట్టారు. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది కనుక అమ్మే పుస్తకంలో, దుకాణం బోర్డు మీద, వెబ్‌సైటులో నిశ్చింతగా వాడవచ్చు. ఫాంటును మాత్రమే విడిగా అమ్ముకోకూడదు, అంతే.

జిప్ ఫైలు విప్పితే లోపల వేరియబుల్ ఫాంటు (అన్ని మందాలూ ఒకే ఫైలులో ఉండేది) ఫైళ్ళు, స్టాటిక్ (ఒక్కో మందానికి ఒక్కో ఫైలు) అనే ఫోల్డరు ఉంటాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్నవారు మొదటివి వాడుకోవచ్చు. పాత కోరెల్‌డ్రా, పాత పేజ్‌మేకర్ మీద పనిచేసే ప్రెస్సుకు ఫైలు ఇవ్వాల్సి ఉంటే స్టాటిక్ ఫోల్డరులోని టీటీఎఫ్ ఫైళ్ళే వేసుకోండి. వేరియబుల్ ఫాంటును అర్థం చేసుకోలేని సాఫ్ట్‌వేర్ అన్ని మందాలనూ ఒకే మామూలు మందంగా చూపిస్తుంది.

మందాలు 400 నుంచి 900 వరకు ఉంటాయి. 400 మామూలుది, 700 బోల్డ్, 900 బ్లాక్. మీకు కావలసిన మందాన్ని ఫాంటు జాబితా నుంచే ఎంచుకోండి. మామూలు మందాన్ని ఎంచుకుని పైనున్న బోల్డ్ బటన్ నొక్కే అలవాటు వదులుకోండి. కుటుంబంలో అసలు బోల్డ్ ఉన్నప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్నే తెస్తాయి. లేనప్పుడు ఉన్న అక్షరం అంచుల చుట్టూ నలుపు పులిమేస్తాయి. అలా పులిమినప్పుడు ఆ మెత్తటి వంపులు పోతాయి, లోపలి ఖాళీలు మూసుకుంటాయి, క్లారెండన్‌ను ఎంచుకున్న ప్రయోజనమే పోతుంది. తెలుగు ఫాంట్ల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే మన ఫాంట్లలో ఒకే మందంతో వచ్చేవి చాలా ఉన్నాయి.

పేజీలో చోటు నిర్ణయించండి

కాగితం తీసుకుని, మీ పేజీలో పాఠకుడు మొదట చూడాల్సినవి ఏవో రాయండి. మూడుకు మించి వస్తే మళ్ళీ ఆలోచించండి. క్లారెండన్ వాటికే.

పదకోశంలో అయితే చోటు తేల్చడం సులువు. ఇంగ్లీషు ముఖ్యపదం క్లారెండన్ 600 లేదా 700లో. దాని వెంట వ్యాకరణ సూచన మామూలు మందంలో, ఒక పాయింటు తగ్గించి. ఆ తరువాత తెలుగు అర్థం మామూలు తెలుగు అక్షరంలో. తెలుగు అర్థాన్ని కూడా బొద్దు చేయాలని చాలామందికి అనిపిస్తుంది, మన భాషకు గౌరవం ఇచ్చినట్టు ఉంటుందని. నాకూ తెలుగు మీద ఆ ప్రేమ ఉంది. కానీ వెతికేవాడి కన్ను ముఖ్యపదాల వెంట కిందికి దిగాలి, ఆగిన చోట అర్థాన్ని స్థిమితంగా చదవాలి. రెండూ నల్లగా ఉంటే దిగడమూ కుదరదు, చదవడమూ కుదరదు. తెలుగు–ఇంగ్లీషు పదకోశం అయితే ఇదే లెక్కను తిప్పండి. తెలుగు ముఖ్యపదం బొద్దుగా, ఇంగ్లీషు అర్థం బెస్లీ 400లోనో ఏదైనా తేలికైన సెరిఫ్‌లోనో.

శీర్షికలకు, పుస్తకం పేరుకు, పట్టికలో తలవరుసకు, బోర్డుకు, చిరునామా ముద్రకు ఇది బాగుంటుంది. పేరాలకు పనికిరాదు. రెండు వరుసలు దాటిన ఏ వాక్యాన్నీ క్లారెండన్ బోల్డ్‌లో పెట్టకండి. ఆహ్వానపత్రికల్లో కూడా వధూవరుల పేర్ల వరకే ఆపండి, విందు వివరాలకు అక్కర్లేదు.

ఒక వాక్యం మధ్యలో పదాన్ని ఎత్తి చూపాలంటే ఇంగ్లీషులో ఇటాలిక్ కూడా ఉంది కనుక ఎంపిక ఉంటుంది. తెలుగులో ఇటాలిక్ సంప్రదాయం లేదు. సాఫ్ట్‌వేర్ వాల్చిన తెలుగు అక్షరం గాలికి ఒరిగినట్టు ఉంటుంది, తలకట్టు ఒకవైపు, ఒత్తు ఒకవైపు పోతాయి. కాబట్టి తెలుగు వాక్యంలో నొక్కి చెప్పడానికి సహజమైన సాధనం మందమే. బెస్లీ, ఫాక్స్ 1845లో ఇంగ్లీషుకు ఏర్పాటు చేసుకున్నది ఈనాటి తెలుగు పేజీకి ఇంగ్లీషు పేజీ కన్నా ఎక్కువ అవసరమని నా నమ్మకం.

తెలుగు అక్షరంతో జత కుదర్చండి

ఎక్కువ ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

మొదట తెలుగు ఫాంటును ఎంచుకోండి. క్లారెండన్ పక్కన రెండు రకాలు నిలుస్తాయి. ఒకటి, చాలా మందాలున్న నోటో సెరిఫ్ తెలుగు. దీనిలో 100 నుంచి 900 వరకు మందాలు ఉన్నాయి కనుక ఇంగ్లీషుకు సరితూగేలా మెట్టు మెట్టుగా జరుపుకోవచ్చు. పదకోశానికి, సంచికకు ఇదే మేలు. రెండోది, శీర్షికల కోసమే గీసిన లావు తెలుగు అక్షరం, రామభద్ర వంటిది. ముఖచిత్రానికి, బోర్డుకు అది సరిపోతుంది. లోపలి పేజీల్లో చిన్న సైజులో వాడితే ఖాళీలు పూడిపోతాయి.

తరువాత మందం సరిచూడండి. రెండు ఫాంట్లలోనూ 700 అని రాసి ఉన్నంత మాత్రాన నలుపు సమానం కాదు, ఒక్కో రూపకర్త లెక్క ఒక్కో తీరు. శీర్షికలోని ఇంగ్లీషు పదం, తెలుగు పదం పక్కపక్కన పెట్టి తెర మీద బాగా పెద్దది చేయండి. ఇంగ్లీషు ఐ నిలువు గీత వెడల్పును తెలుగు ర గుండ్రంలో అన్నిటికన్నా లావుగా ఉన్న చోటుతో పోల్చండి. దాదాపు సరిపోయాక అసలు సైజుకు తగ్గించి, రెండడుగులు వెనక్కి జరిగి కళ్ళు సగం మూసి చూడండి. రెండు పదాలూ ఒకే బూడిద రంగు ముద్దలా కనిపించాలి. ఏదో ఒకటి ముందుకు వస్తున్నట్టు ఉంటే దాని మందం ఒక మెట్టు తగ్గించండి. రెండోదాన్ని పెంచుకుంటూ పోవడం కన్నా మొదటిదాన్ని తగ్గించడం ఎప్పుడూ మంచిది.

మందం పెరిగే కొద్దీ తెలుగులో ముందు దెబ్బతినే అక్షరాలు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముందు థ చూడండి. ధ, థ ఈ రెంటికీ తేడా లోపలి చుక్క ఒక్కటే. బాగా లావైన అక్షరంలో ఆ చుక్క చుట్టూ ఖాళీ మిగలదు, కథ కాస్తా కధ అయిపోతుంది. అసలే తప్పుగా రాసే అలవాటు ఎక్కువగా ఉన్న మాట అది. తరువాత ఘ, ఝ, ఖ, క్ష. వీటిలో గీతలు ఎక్కువ, చోటు తక్కువ. నిర్ణయం తీసుకునే ముందు ఈ వరుసను మీ ఫాంటులో పెట్టి చూడండి: కథ, ఖర్చు, ఘనత, ఝరి, క్షణం, స్త్రీ, రాష్ట్రీయ గ్రంథాలయం. ఇందులో ఏ అక్షరం దగ్గరైనా కన్ను ఆగిందంటే ఒక మెట్టు తేలికైన మందానికి దిగండి.

ఇక ఎత్తు. మనకు పెద్దబడి, చిన్నబడి లేవు. తెలుగు మూల అక్షరం ఇంగ్లీషు పెద్దబడి కన్నా కాస్త పొట్టిగా, చిన్నబడి నడుము కన్నా కాస్త పొడవుగా ఉంటే వరుస కుదురుతుంది. ఇంగ్లీషు 30 పాయింట్లలో ఉంటే తెలుగును 32 నుంచి 36 మధ్య జరిపి చూడండి, ఫాంటును బట్టి ఎక్కడో ఒకచోట కుదురుతుంది. ఇంగ్లీషు పదం అంతా పెద్దబడిలో పెట్టాలనుకుంటే దాని సైజు పదో వంతు తగ్గించండి. లేకపోతే ఒక సంస్థ పేరు రెండు భాషల్లో ఉన్నప్పుడు ఇంగ్లీషు పేరే అసలుదనీ, తెలుగు దాని కింద రాసిన వివరణ అనీ అనిపిస్తుంది. మన ఊళ్ళ బోర్డుల మీద ఇది చాలా తరచుగా కనిపిస్తోంది, నాకు బాధ కలిగిస్తోంది. తెలుగును పైన పెట్టండి, సమాన నలుపుతో పెట్టండి.

సాంకేతికంగా రెండు మాటలు. యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి సంకేతం ఇచ్చే ఇప్పటి పద్ధతి) తెలుగులో పనిచేస్తుంటే మొత్తం వరుసను ఎంపిక చేసి బెస్లీ అని పెట్టినా సాధారణంగా తెలుగుకు ఏమీ కాదు, బెస్లీలో తెలుగు లేదు కనుక చాలా సాఫ్ట్‌వేర్లు తమకు తోచిన తెలుగు ఫాంటును తెచ్చిపెడతాయి. ఆ తోచినది విండోస్‌లో ఒకటి, మాక్‌లో ఇంకొకటి. అందుకే వర్డ్, లిబ్రె ఆఫీస్ వంటివాటిలో సంక్లిష్ట లిపుల కోసం ఉన్న ఫాంటు గడిలో తెలుగు ఫాంటు పేరును విడిగా ఇవ్వండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరా అమరికలో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోండి, లేకపోతే ఒత్తులు విడిపోవచ్చు. వెబ్ పేజీ తయారు చేసేవారు ఫాంట్ల జాబితాలో బెస్లీని ముందు, నోటో సెరిఫ్ తెలుగును తరువాత రాయాలి. నోటో ఫాంటులో ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉంటాయి. దాన్ని ముందు రాస్తే ఇంగ్లీషు కూడా దానిలోనే వచ్చి, క్లారెండన్ అసలు కనిపించదు.

“అను” అనే పేరున్న ఫాంట్ల వంటి, యూనికోడుకు ముందు తరం ఫాంట్లతో పనిచేస్తుంటే వ్యవహారం తలకిందులుగా ఉంటుంది. అక్కడ తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల గడుల్లోనే కూర్చుని ఉంటాయి. తెలుగు పదం మీద పొరపాటున బెస్లీ పెడితే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు బయటపడతాయి. ఇంగ్లీషు పదాలను ఒక్కొక్కటిగా ఎంపిక చేసి ఫాంటు మార్చాలి. పదకోశం లాంటి పెద్ద పనికి ఇంగ్లీషు ముఖ్యపదానికి ఒక క్యారెక్టర్ స్టైల్ (ఫాంటు, మందం, సైజు కలిపి ఒక పేరుతో దాచుకునే అమరిక) తయారు చేసుకుంటే శ్రమ తప్పుతుంది, తరువాత మందం మార్చాలనిపించినా ఒకే చోట మార్చవచ్చు.

ఖాళీలు సరిచేయండి

ఇంగ్లీషు శీర్షిక రెండు వరుసలైతే వరుసల మధ్య దూరం అక్షరం సైజుకు 110 నుంచి 115 శాతం చాలు. క్లారెండన్ గట్టి అక్షరం, దగ్గరగా పేరిస్తేనే బాగుంటుంది. తెలుగుకు ఆ కొలత పనికిరాదు. పై వరుసలో రాష్ట్ర, కింది వరుసలో గ్రంథాలయం ఉన్నాయనుకోండి. ష్ట్ర కింద రెండు ఒత్తులు దిగుతాయి, కింది వరుసలో గుడులు, తలకట్లు పైకి లేస్తాయి, రెండూ గుద్దుకుంటాయి. 140 నుంచి 150 శాతం ఇవ్వండి. రెండు భాషలూ ఒకే శీర్షికలో ఉంటే తెలుగు కొలతనే రెంటికీ పెట్టండి.

అక్షరాల మధ్య దూరం విషయంలో ఇంగ్లీషు పెద్దబడికి కొద్దిగా గాలి ఆడనివ్వాలి, సైజులో రెండు నుంచి ఐదు శాతం. పక్కపక్కన ఉన్న పాదాలు ఒకదానినొకటి తాకకుండా ఉంటే చాలు. ఆర్ పక్కన ఎ వచ్చినప్పుడు ఆర్ లేపిన తోక, ఎ ఎడమ పాదం కలుసుకునే అవకాశం ఎక్కువ, ఆ జత దగ్గర చేత్తో సరిచేయండి. చిన్నబడికి అదనపు దూరం వద్దు. తెలుగుకైతే అసలే వద్దు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తు తన అక్షరం కింది నుంచి పక్కకు జరిగిపోతుంది, జరగకపోయినా పదం ముక్కలైనట్టు కనిపిస్తుంది.

ఏ అక్షరాన్ని తోడు పెట్టాలి

శీర్షిక క్లారెండన్ అయినప్పుడు కింది ఇంగ్లీషు పాఠానికి తేలికైన, పాతతరం సెరిఫ్ ఒకటి చాలు. ఇంకొక లావు అక్షరం అదే పేజీలో ఉండకూడదు. క్లారెండన్, ఇంపాక్ట్, ఏరియల్ బ్లాక్ మూడూ ఒకే కరపత్రం మీద ఉంటే పాఠకుడు ఏదీ చదవకుండా కాగితం మడిచేస్తాడు. నీడలు, అంచు గీతలు, రంగుల మార్పులు కూడా దీనికి అనవసరం. నల్లగా, చదునుగా ఉన్నప్పుడే దీని ఆకారం తెలుస్తుంది. రంగు కావాలంటే ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ, ముదురు నీలం చక్కగా అమరుతాయి. లేత రంగుల్లో ఇది బరువు కోల్పోయి వెలసిపోయినట్టు ఉంటుంది.

బోర్డుకు కొలత

దుకాణం, బడి, గ్రంథాలయం బోర్డుల విషయంలో బోర్డు రాసేవారు పాటించే లెక్క ఒకటి ఉంది. చూసేవాడు ఉండే దూరంలో ప్రతి పది అడుగులకు అక్షరం ఎత్తు ఒక అంగుళం. రోడ్డుకు అవతలి వైపు నుంచి, అంటే నలభై అడుగుల దూరం నుంచి చదవాలంటే నాలుగు అంగుళాలు. ఇది ఇంగ్లీషు పెద్దబడి కొలత. తెలుగులో మూల అక్షరం ఎత్తునే ఇందుకు లెక్కించండి, ఒత్తులకు, గుడులకు పైనా కిందా విడిగా చోటు వదలండి. బోర్డు ఎత్తు చాలక ఒత్తులను నొక్కేయడం మన ఫ్లెక్సీల మీద రోజూ చూస్తున్నదే. అక్షరాన్ని అడ్డంగా సాగదీయడం కూడా అలాంటిదే. సాగదీస్తే క్లారెండన్ నిలువు గీతలు లావెక్కి, అడ్డగీతలు అలాగే ఉండిపోయి నిష్పత్తి చెడుతుంది. చోటు మిగిలితే మిగలనివ్వండి, చాలకపోతే సైజు తగ్గించండి.

ప్రెస్సుకు పంపే ముందు

సన్నగీత, లావుగీతల తేడా తక్కువ కనుక క్లారెండన్ నాసిరకం కాగితాన్ని కూడా తట్టుకుంటుంది. న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకినా సన్నగీతలు తెగిపోవు. పూడిపోయేవి లోపలి ఖాళీలే. అందుకే న్యూస్‌ప్రింట్ మీద ఎనిమిది పాయింట్ల కన్నా చిన్న సైజులో 700 మందం వాడకండి, 600కు దిగండి. నలుపు నేపథ్యం మీద తెల్లని అక్షరం పెట్టినప్పుడు సిరా లోపలికి పాకి గీతలు సన్నబడతాయి, అక్కడ ఒక మెట్టు పెంచవచ్చు.

నల్ల అక్షరాన్ని నలుపు ఒక్క సిరాతోనే పెట్టండి. నాలుగు రంగులు కలిపిన నలుపు పెడితే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచున రంగుల నీడ పడుతుంది. పీడీఎఫ్‌లో ఫాంట్లు పొందుపరిచి ఉన్నాయో లేదో చూడండి. కోరెల్‌డ్రా ఫైలు ఇస్తుంటే అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని బొమ్మలుగా) మార్చిన ప్రతి ఒకటి, మార్చనిది ఒకటి విడివిడిగా దాచుకోండి. మార్చిన దానిలో అక్షరదోషం కనిపిస్తే దిద్దడానికి వీలుండదు.

ప్రూఫు తెర మీద చూసి సరిపెట్టుకోవద్దు. అసలు కాగితం మీద, అసలు సైజులో అడగండి. చేతికి వచ్చాక మూడు చోట్ల చూడండి: ఇంగ్లీషు చిన్నబడి ఎ, ఇ లోపలి ఖాళీ తెరుచుకుని ఉందా, తెలుగు థలో చుక్క విడిగా కనిపిస్తోందా, ష్ట్ర వంటి జంట ఒత్తులు కింది వరుసకు తగలకుండా ఉన్నాయా. ఏ ఒక్కటి చెడినా మందం ఒక మెట్టు తగ్గించి ఇంకో ప్రూఫు తీయించండి. ప్లేటు చేసిన తరువాత మార్పు అడిగితే దాని ఖర్చు మీరే పెట్టుకోవాలి.